డిక్కీలో దరువు: కారులో సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ మీరే బిగించుకోవడం ఎలా

కంపెనీ స్పీకర్లలో పాట వినపడుతుంది కానీ డప్పు వినపడదు. తలుపులో ఉండే ఆరంగుళాల స్పీకరు 60, 70 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, ఎంత తక్కువైతే శబ్దం అంత లోతు) దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. బేస్ గిటారు అట్టడుగు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. డప్పు దెబ్బలో గుండెకు తగిలే బరువు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ అడుగు శబ్దం కోసం విడిగా సబ్‌వూఫర్ అనే ఒక పెద్ద స్పీకరు (ముద్దుగా వూఫర్ అందాం), దాన్ని కదిలించడానికి విడిగా ఒక యాంప్లిఫయర్ కావాలి.

షాపులో ఇస్తే రెండు మూడు గంటల్లో బిగించి ఇచ్చేస్తారు. మరి మనమే ఎందుకు? కూలి డబ్బులు మిగలడం ఒకటి. అంతకంటే ముఖ్యం, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా బలమైన కరెంటు మోసే వైరు ఒకటి మన కాళ్ల పక్క నుంచే వెళ్తుంది. అది ఎలా వెళ్లిందో, దాని ఫ్యూజు ఎక్కడుందో మనకు తెలిసి ఉండాలి. నేను ఇప్పటికి మూడు కార్లకు ఈ పని చేశాను. మొదటిది నా హ్యాచ్‌బ్యాక్. డబ్బంతా స్పీకరు మీద పెట్టి వైరు దగ్గర పిసినారితనం చేశాను. ఇంట్లో మోటారు కోసం తెచ్చి మిగిలిన 4 స్క్వేర్ ఎంఎం వైరే లాగాను. రాత్రిపూట దరువు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు కూడా తాళం వేసేవి. అరగంట తర్వాత వైరు పట్టుకుంటే వెచ్చగా తగిలింది. మర్నాడే పీకేసి మళ్లీ చేశాను. అందుకే ఇందులో స్పీకరు గురించి తక్కువ, వైరు గురించి ఎక్కువ చెబుతాను.

ముందు మీ కారు సంగతి

నేను చెప్పేది మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకు. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు తొడుగున్న కేబుళ్లలో ప్రాణాలు తీసే వోల్టేజీ ఉంటుంది. ఆ కార్ల జోలికి సొంతంగా వెళ్లకండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగిపోయే రకం కార్లలో చాలావాటికి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది. అలాంటివాటిలో యాంప్లిఫయర్ ఎర్త్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరును, నేరుగా ఆ టెర్మినల్‌కి కట్టకూడదు, బాడీ రేకుకే ఇవ్వాలి. లేకపోతే ఎంత కరెంటు ఖర్చవుతోందో కారుకు లెక్క తెలియదు.

సీఎన్‌జీ కారుకైతే డిక్కీలో సిలిండరు ఉంటుంది. దాని చుట్టుపక్కల స్క్రూలు దించడం, డ్రిల్ పెట్టడం వద్దే వద్దు. సీటు కింద పట్టే, యాంప్లిఫయర్ లోపలే ఉండే పల్చటి వూఫర్లు దొరుకుతాయి. పెద్ద డబ్బా అంత దమ్ము ఉండదు గానీ మీకు అదే దారి. వైరింగ్ మాత్రం కింద చెప్పిన పద్ధతే, కాస్త సన్న వైరుతో.

కారు ఇంకా వారంటీలో ఉంటే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ మార్కెట్లో దొరుకుతుంది. స్టీరియో వెనక ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య దాన్ని దూర్చి, కావలసిన తీగలు దానిలోంచే తీసుకోవచ్చు. రేపు తీసేయాలన్నా ఆనవాలు మిగలదు.

వాట్ల మాయ

డబ్బా మీద 1200 వాట్లు, 1500 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి, అది ఒక్క క్షణం తట్టుకునే పీక్ లెక్క. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది చూడండి. అదే అసలు సంఖ్య, నిలకడగా ఇవ్వగల లేదా తట్టుకోగల వాట్లు. వూఫర్ ఆర్‌ఎంఎస్, యాంప్లిఫయర్ ఆర్‌ఎంఎస్ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక హ్యాచ్‌బ్యాక్‌కి 10 అంగుళాల వూఫర్, 250 నుంచి 300 వాట్ల ఆర్‌ఎంఎస్ చాలు. ఇంకా పెద్దది పెడితే పాట కంటే నంబరు ప్లేటు ఎక్కువ మోగుతుంది.

రెండో సంగతి ఓం, అంటే కరెంటుకు వూఫర్ చూపే అడ్డు లెక్క. చాలా వూఫర్లకు కదిలించే తీగ చుట్లు, అంటే కాయిల్స్, రెండు ఉంటాయి, ఒక్కోటి 4 ఓం అనుకుందాం. ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి కలిపితే 2 ఓం అవుతుంది. ఒకదాని మైనస్‌ని రెండోదాని ప్లస్‌కి కలిపి వరసగా కడితే 8 ఓం అవుతుంది. యాంప్లిఫయర్ మీద '300 వాట్లు, 2 ఓం' అని రాసి ఉంటే మొదటి పద్ధతి. కలిపాక మల్టీమీటర్‌తో కొలవండి. 2 ఓం అనుకున్నది మీటర్లో సుమారు 1.7 చూపిస్తుంది, అది మామూలే. యాంప్లిఫయర్ తట్టుకునే ఓం కంటే తక్కువకు కడితే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా ఒక రోజు పూర్తిగా పోతుంది.

ఇప్పుడు కరెంటు లెక్క. సబ్‌వూఫర్‌కి వాడే యాంప్లిఫయర్లు ఇప్పుడు ఎక్కువగా క్లాస్ డీ రకం. లోపలికి వెళ్లిన కరెంటులో దాదాపు 80 శాతం స్పీకరుకు చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. 300 వాట్లు బయటికి రావాలంటే లోపలికి 375 వాట్లు వెళ్లాలి. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటాయనుకుంటే 375ని 13.8తో భాగించండి, 27 ఆంపియర్లు వస్తుంది. మీ వైరు, ఫ్యూజు, ఎర్త్ అన్నీ ఈ 27 చుట్టూ తిరుగుతాయి. పాత రకం క్లాస్ ఏబీ యాంప్లిఫయరైతే ఇదే పనికి 40 దాకా లాగుతుంది.

సామాను

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీ, విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో 'వైరింగ్ కిట్' పేరుతో అన్నీ కలిపి కూడా అమ్ముతారు. ఆ కిట్లతోనే జాగ్రత్త. చాలావాటిలో ఉండేది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు రాగి పూత. దాని సామర్థ్యం రాగిలో మూడింట రెండు వంతుల లోపే. తీగ కొసను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. చేతిలో పట్టుకున్నా తేలిగ్గా ఉంటుంది.

మన 27 ఆంపియర్లకు 8 గేజ్ అసలు రాగి వైరు సరిపోతుంది (గేజ్ అంకె తగ్గే కొద్దీ వైరు లావు). షాపులో స్క్వేర్ ఎంఎం లెక్కలో అడిగితే 10 ఇవ్వమనండి, 8 గేజ్ కంటే కాస్త లావే. 5 మీటర్ల పొడవులో 8 గేజ్ రాగి పావు వోల్టు మింగుతుంది. అదే సైజు సీసీఏ దాదాపు అర వోల్టు మింగుతుంది. సీసీఏ తప్ప దొరకకపోతే ఒక సైజు పైకి వెళ్లి 4 గేజ్ తీసుకోండి.

పవర్ వైరు ఎరుపు 5 మీటర్లు, ఎర్త్‌కి అదే మందంలో నలుపు ఒక మీటరు. 40 ఆంపియర్ల ఫ్యూజు, మూతున్న హోల్డరు. వైరు కొసకు నొక్కి బోల్టుకు బిగించే రాగి లగ్గులు ఆరు, లోపలి రంధ్రం మీ వైరుకు తగ్గది. స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ 5 మీటర్లు. యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు కోసం 1 స్క్వేర్ ఎంఎం తీగ 6 మీటర్లు. వూఫర్‌కి వెళ్లే స్పీకరు వైరు 2.5 స్క్వేర్ ఎంఎం, రెండు మీటర్లు. నల్లటి మడతల ప్లాస్టిక్ పైపు, కేబుల్ టైలు, రబ్బరు గ్రోమెట్లు, ఉప్పు కాగితం. పనిముట్లలో 10 నంబరు స్పానర్, స్క్రూడ్రైవర్లు, లగ్గులు నొక్కే క్రింపింగ్ ప్లయర్, డిజిటల్ మల్టీమీటర్. మీటరు లేకుండా ఈ పనికి దిగకండి. ఖరీదైనది అక్కర్లేదు, పనిచేస్తే చాలు.

ఇక వూఫర్ డబ్బా. మూసి ఉండే డబ్బాలో శబ్దం బిగువుగా, దెబ్బకు దెబ్బ విడివిడిగా వస్తుంది. గొట్టం ఉన్న డబ్బా అదే వాట్లకు ఎక్కువ మోగుతుంది గానీ కాస్త సాగుతుంది. తీన్మార్ కొట్టుకుంటూ తిరగాలనుకుంటే గొట్టం డబ్బా, మృదంగం మృదంగంలా వినాలనుకుంటే మూసినది. నా ఓటు మూసినదానికే. 10 అంగుళాల వూఫర్‌కి మూసిన డబ్బా లోపలి ఖాళీ మామూలుగా 17 నుంచి 28 లీటర్ల మధ్య ఉంటుంది. మీ వూఫర్‌తో వచ్చే కాగితంలో కచ్చితమైన అంకె ఉంటుంది, అదే పాటించండి. వడ్రంగి చేత చేయించుకుంటే 18 ఎంఎం ఎండీఎఫ్ చెక్క వాడమనండి. లోపల అతుకులన్నిటికీ ఫెవికాల్ దట్టంగా పూయాలి. గాలి కారే డబ్బా బేస్‌ని మింగేస్తుంది.

కొనేముందు డిక్కీ కొలవండి. స్టెప్నీ ఎలా బయటికి వస్తుందో కూడా చూసుకోండి. నా మొదటి డబ్బా సరిగ్గా స్టెప్నీ మూత మీద కూర్చుంది. సూర్యాపేట దాటాక రాత్రి పంక్చరైతే, 18 కిలోల డబ్బాను, వైర్లను రోడ్డు పక్కన విప్పాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లు కారులో కూర్చుని ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా

ఉదయం పూట, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. తాళం చెవి తీసేసి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ముందు విప్పండి, దాన్ని గుడ్డతో చుట్టి పక్కకు పెట్టండి. పాజిటివ్ ముందు విప్పితే స్పానరు పొరపాటున బాడీకి తగిలి మెరుపులు వస్తాయి. కొన్ని కార్లలో బ్యాటరీ తీస్తే స్టీరియో కోడ్ అడుగుతుంది. మాన్యువల్‌లో ఆ కోడ్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకులోంచి వైరు లోపలికి రావాలి. కొత్త రంధ్రం వేయాలని తొందరపడకండి. కంపెనీ వైర్ల కట్ట వెళ్లే చోటో, బానెట్ లాగే కేబుల్ వచ్చే చోటో పెద్ద రబ్బరు గ్రోమెట్ ఉంటుంది. దాని అంచున చిన్న గాటు పెట్టి, ఇస్త్రీ బట్టల హ్యాంగర్ కమ్మీని నిటారుగా చేసి దూర్చండి. లోపల ఒకరు టార్చ్ పట్టుకుని చూస్తుంటే పని సగమవుతుంది. కమ్మీ కొసకు వైరును టేపుతో చుట్టి లాగండి. తర్వాత ఆ గాటు చుట్టూ సిలికాన్ పూయండి. లేకపోతే మొదటి వానకే కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది. రేకు అంచుకు వైరు నేరుగా తగలకూడదు. బండి కదిలినప్పుడల్లా ఒరుసుకుని ఇన్సులేషన్ తెగితే ఆ చోటే నిప్పు పుడుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి ఒక మూర దూరం లోపే ఉండాలి, అంటే 45 సెంటీమీటర్లు. 'యాంప్లిఫయర్‌కి ఫ్యూజు ఉందిగా, ఇంకోటి ఎందుకు' అని చాలామంది అడుగుతారు. యాంప్లిఫయర్ మీది ఫ్యూజు యాంప్లిఫయర్‌ది. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు వైరుది. దారిలో ఎక్కడైనా వైరు తెగి బాడీకి తగిలితే, బ్యాటరీ తన బలమంతా అందులోకి పంపిస్తుంది. అప్పుడు దాన్ని ఆపేది ఈ ఫ్యూజు ఒక్కటే. అందుకే ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. హోల్డరు బిగించండి గానీ ఫ్యూజు ఇప్పుడే పెట్టకండి. అది మీ జేబులోనే ఉండాలి.

ఇంజన్ గదిలో ఉన్న వైరంతా నల్లటి మడతల పైపులో పెట్టండి. వేడి ఒక కారణం, ఎలుకలు రెండోది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పార్క్ చేసేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఫ్యాన్ బెల్టుకు, సైలెన్సర్ గొట్టాలకు దూరంగా, అడుగుకొక కేబుల్ టై వేస్తూ తీసుకురండి. లోపలికి వచ్చాక పెడళ్ల దగ్గర వేలాడకుండా చూడండి. క్లచ్ కింద ఇరుక్కున్న వైరు సరదా కాదు.

గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ పైకి లాగితే క్లిప్పులు ఊడి వచ్చేస్తుంది. దాని కింద కంపెనీ వైర్ల కట్ట వెళ్తుంటుంది. మీ పవర్ వైరు దాని పక్కనే పడుకోబెట్టండి. అక్కడ గానీ సీట్ల కింద గానీ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగులవి. పవర్ వైరు కారుకు ఒక పక్కన వెళ్తే, పాట మోసే ఆర్‌సీఏ కేబుల్ రెండో పక్కన వెళ్లాలి. రెండూ ఒకే పక్కన పోతే పాటలో ఇంజన్ ఈల కలిసే అవకాశం ఉంది.

ఎర్త్

మొత్తం పనిలో ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే, నాతో సహా. వచ్చిన కరెంటంతా తిరిగి వెళ్లేది ఎర్త్ గుండానే. పవర్ వైరు ఎంత లావో ఎర్త్ వైరూ అంతే లావు ఉండాలి, పొడవు మాత్రం అర మీటరు దాటకూడదు.

డిక్కీలో బాడీకి వెల్డింగ్ అయిన దళసరి రేకు చూసుకోండి. అక్కడ కంపెనీవాళ్లే బిగించిన ఎర్త్ బోల్టు ఉంటే ఇంకా మంచిది. లగ్గు కూర్చునేంత మేర పెయింటు పూర్తిగా పోయి రేకు వెండిలా మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దండి. లగ్గు, దాని మీద పళ్లున్న వాషరు, ఆపైన నట్టు. గట్టిగా బిగించాక పైనుంచి పెయింటు గానీ గ్రీజు గానీ పూయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది మానేస్తే కొన్నాళ్లకే అక్కడ తుప్పు పుడుతుంది.

సీటు బెల్టు బోల్టును ఎర్త్‌గా వాడకండి. ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచే బోల్టు అది, దాని కింద మందం పెంచడం, విప్పి బిగించడం వద్దు. కొత్తగా రంధ్రం వేయక తప్పకపోతే ముందు కారు కిందకు దూరి చూడండి. పెట్రోల్ ట్యాంకు సాధారణంగా వెనక సీటు కిందే ఉంటుంది. బ్రేకు గొట్టాలూ అటే వెళ్తాయి.

అయ్యాక మీటరును ఓంలో పెట్టి, లగ్గు దగ్గర ఒక తీగ, విప్పి ఉన్న బ్యాటరీ నెగెటివ్ కేబుల్ కొసకు ఒక తీగ ఆనించండి. మీటరు తీగలు ఒకదానికొకటి ఆనిస్తే ఎంత చూపిస్తుందో, ఇక్కడా దాదాపు అంతే చూపించాలి. అర ఓం ఎక్కువ చూపించినా మళ్లీ రుద్దాల్సిందే.

పాట ఎక్కడి నుంచి వస్తుంది

బయట కొన్న స్టీరియో అయితే వెనక ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి, 'సబ్' అని రాసి ఉన్నదానికి కేబుల్ పెట్టండి. నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు రిమోట్. స్టీరియో ఆన్ అయినప్పుడు దానిలో 12 వోల్టులు వస్తాయి, ఆ సంకేతంతో యాంప్లిఫయర్ లేస్తుంది. పూర్తి నీలం వైరు వేరు, అది యాంటెన్నాది.

కంపెనీ స్టీరియోకి ఇవేవీ ఉండకపోవచ్చు. అప్పుడు హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కొనండి. వెనక స్పీకర్లకు వెళ్లే తీగల నుంచే అది సిగ్నల్ తీసుకుంటుంది. బయటి స్టీరియో కప్లర్లలో వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా, నల్ల గీత ఉన్నవి మైనస్. కంపెనీ వైర్ల రంగులు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఊహించకండి, మీ మోడల్ వైరింగ్ పటం చూసి కలపండి. తీగలు స్టీరియో వెనక నుంచే తీసుకోండి. తలుపు లోపలి నుంచి తీస్తే ఆ రబ్బరు గొట్టంలోంచి లాగడానికే పూట పోతుంది.

రిమోట్ కోసం ఫ్యూజు బాక్సులో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే సర్క్యూట్ వెతకండి. సిగరెట్ లైటర్ సాకెట్టుది మామూలుగా అలాంటిదే. ఫ్యూజు ట్యాప్ అని చిన్న ముక్క దొరుకుతుంది, దానితో అక్కడి నుంచి తీసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజుల వైపు వేలు కూడా పెట్టకండి. రిమోట్‌ను నేరుగా బ్యాటరీకి కడితే యాంప్లిఫయర్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున బండి స్టార్ట్ కాదు.

బిగించడం, మొదటిసారి ఆన్ చేయడం

యాంప్లిఫయర్‌ని వూఫర్ డబ్బా మీద బిగించడం చూడ్డానికి బాగుంటుంది. ఆ అదురుకు లోపలి టంకాలు వదులవుతాయి. వెనక సీటు వీపు మీదో, పక్క గోడ మీద చిన్న ప్లైవుడ్ ముక్క మీదో బిగించండి. చుట్టూ గాలి ఆడాలి, కార్పెట్ కప్పకూడదు. మే నెల ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. దానికి తోడు ఊపిరాడకపోతే యాంప్లిఫయర్ పాట మధ్యలో ఆగిపోతుంది.

డబ్బాను ఊరికే పెట్టి వదిలేయకండి. ఎల్ క్లాంపులతో గానీ, బలమైన బెల్టుతో గానీ నేలకు కట్టండి. సడన్ బ్రేకులో ఆ బరువు వెనక సీటు వైపు వస్తుంది, అక్కడ పిల్లలు కూర్చుంటారు.

ముందు ఎర్త్, తర్వాత పవర్, రిమోట్, ఆర్‌సీఏ, చివర స్పీకరు వైరు. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకుండా మెలిపెట్టి దూర్చండి. గెయిన్ నాబ్ పూర్తిగా కిందికి తిప్పేయండి. అన్నీ ఇంకోసారి చూసుకుని బ్యాటరీ నెగెటివ్ బిగించండి, చివరగా జేబులో ఉన్న ఫ్యూజు పెట్టండి. యాంప్లిఫయర్ పవర్ టెర్మినళ్ల మధ్య మీటరు 12.5 వోల్టుల చుట్టూ చూపించాలి. స్టీరియో ఆన్ చేస్తే పవర్ లైటు వెలగాలి. ప్రొటెక్ట్ అని ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఆపి, స్పీకరు వైరు ఎక్కడైనా ఒకదానికొకటి తగులుతోందేమో చూడండి. చాలాసార్లు అదే ఉంటుంది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

ఇక్కడ పది నిమిషాలు ఓపిక పడితే వూఫర్ ఏళ్లపాటు బతుకుతుంది. గెయిన్ అనేది స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కీ యాంప్లిఫయర్‌కీ జోడీ కుదిర్చే నాబ్. దాన్ని ఎక్కువ తిప్పితే శబ్దపు అలల తలలు తెగిపోతాయి. అలా తలలు తెగిన శబ్దం కాయిల్‌ని కాల్చేస్తుంది. వూఫర్లు ఎక్కువగా పోయేది ఇలాగే.

స్పీకరు వైరు విప్పేయండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్, ఈక్వలైజర్ అన్నీ సున్నాలో పెట్టండి. యాంప్లిఫయర్‌లో బేస్ బూస్ట్ సున్నా, లో పాస్ ఫిల్టర్ (పెట్టిన అంకెకు పైనున్న శబ్దాన్ని ఆపేది) పూర్తిగా పైకి. ఫోన్‌లో 50 హెర్ట్జ్ సైన్ టోన్, అంటే ఒకే స్వరంలో సాగే పరీక్ష శబ్దం పెట్టండి, బ్లూటూత్ అయితే ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు, అంటే 40 గరిష్ఠమైతే 30. తలుపు స్పీకర్లు ఆ మోతకు బెదిరిపోకుండా, సబ్ అవుట్ విడిగా ఉన్న స్టీరియో అయితే ఫేడర్‌తోనో ఫిల్టర్‌తోనో వాటిని తగ్గించుకోండి. ఇంజన్ ఆన్ చేయండి. అయితే మూసిన సెల్లార్‌లో కాదు, బయట ఆరుబయట. పొగ వాసన లేకున్నా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఎంత వోల్టేజీ రావాలి? వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తీయండి. 300ని 2తో గుణిస్తే 600, దాని వర్గమూలం 24.5. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకరు టెర్మినళ్లకు ఆనించి, 24.5 వచ్చేదాకా గెయిన్ నెమ్మదిగా తిప్పండి. అక్కడ ఆపండి. మార్కర్‌తో గీత గీసుకోండి, ఎవరైనా తిప్పినా తెలుస్తుంది. ఇక స్టీరియో వాల్యూమ్ 30 దాటించకుండా ఉంటే చాలు.

టోన్ ఆపి స్పీకరు వైరు మళ్లీ పెట్టి, లో పాస్ ఫిల్టర్‌ని 80 హెర్ట్జ్ దగ్గరకు తీసుకురండి. బేస్ డిక్కీలోంచి వస్తున్నట్టు విడిగా తెలిసిపోతుంటే 70కి దించండి. గొట్టం డబ్బా అయితే మరీ అడుగు శబ్దాన్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే 30 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. వూఫర్ కదలిక దిశను తిప్పేసే ఫేజ్ స్విచ్ సున్నాలో ఒకసారి, 180లో ఒకసారి డ్రైవరు సీట్లో కూర్చుని వినండి. ఎక్కడ బేస్ నిండుగా ఉంటే అక్కడ ఉంచేయండి.

ఈల, గలగల

యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ పాటలో సన్నటి ఈల పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్ శబ్దం. నా రెండో కారుకు ఇలాగే వచ్చింది. ఆర్‌సీఏ కేబుల్ మార్చాను, వైర్లు విప్పి మళ్లీ లాగాను, ఫిల్టర్ కొన్నాను. రెండు ఆదివారాలు పోయాక చూస్తే, ఎర్త్ లగ్గు కింద అరచంద్రంలా పెయింటు మిగిలిపోయి ఉంది. కాబట్టి డబ్బు పెట్టి ఏదైనా కొనేముందు ఎర్త్ విప్పి చూడండి. అది బాగుంటే ఆర్‌సీఏ విప్పి యాంప్లిఫయర్ ఒక్కటే ఆన్‌లో పెట్టండి. ఈల పోతే తప్పు ముందువైపు, స్టీరియో దగ్గర ఉంది.

గలగలలకు మందు సులువు. ఒకరు లోపల పాట పెడితే ఇంకొకరు బయట నిలబడి చేత్తో నొక్కుతూ తిరగాలి. నంబరు ప్లేటు వెనక ఫోమ్ టేపు, డిక్కీ తలుపు లోపల బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు నాలుగైదు ముక్కలు వేస్తే చాలావరకు పోతుంది. ఈ పరీక్ష పగలే పెట్టుకోండి. రాత్రి 10 దాటితే నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్, మన డిక్కీ మూసి ఉన్నా అది దాటేస్తుంది.

ఇంజన్ ఆపి గంటలకొద్దీ పాటలు పెట్టకండి. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ల చుట్టూ ఉంటుంది. సగటున 10 ఆంపియర్లు లాగినా రెండు గంటలకు సగానికి పైగా ఖాళీ. పెళ్లి దగ్గర కారు పెట్టి డ్యాన్సులు చేయాలంటే ఇంజన్ ఆన్‌లో ఉంచాల్సిందే.

రెండు వారాలు తిరిగాక నట్లు అన్నీ ఒకసారి మళ్లీ బిగించండి, అదురుకు కొద్దిగా వదులవుతాయి. ఒక గంట గట్టిగా పాటలు పెట్టుకుని వచ్చి బానెట్ ఎత్తి, ఇంజన్ వేడి తగలకుండా ఫ్యూజు హోల్డరును, లగ్గులను చేత్తో తాకి చూడండి. చుట్టూ ఉన్న వైరు కంటే ఒక అతుకు మాత్రం వేడిగా ఉంటే, ఆ లగ్గు సరిగ్గా నొక్కుకోలేదన్నమాట. నెగెటివ్ విప్పి, ఆ కొస కోసేసి కొత్త లగ్గు నొక్కండి. ఆరు కొనమన్నది అందుకే.